జేబులక్క

లాండ్రీలో పోయింది ఒకే ఒక్క నోటు. పోగొట్టుకున్నది పెద్ద కారులో వచ్చి కోటు ఉతకడానికి ఇచ్చిపోయిన పెద్దమనిషి. పట్టుబడ్డది మాత్రం ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఎవరిదో చొక్కా మడతపెడుతున్న అక్క.

పట్టుబడ్డది అనడం కూడా తప్పే. పట్టుకోవడానికి ఆమె దగ్గర ఏముంది గనక? అయినా యజమాని ఆమెను హాలు మధ్యకు పిలిచి, నడుముకు కట్టుకున్న గుడ్డ సంచిని బల్ల మీద బోర్లించమన్నాడు. పనివాళ్ళంతా యంత్రాలు ఆపి మరీ చూస్తుంటే, అందులోంచి ఒక దువ్వెన, నాలుగు పిన్నీసులు, ఒక చిన్న పాలపన్ను రాలిపడ్డాయి.

"ఇదేంటి?" అన్నాడు యజమాని.

"మా పెద్దదాని పన్నండి. పొద్దున ఊడింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. నోటు దొరకలేదు. దొరక్కపోవడమే ఆమె గడుసుతనానికి రుజువని తేల్చి, ఆ పూటే పనిలోంచి తీసేశారు. కొన్నాళ్ళకు ఆ నోటు ఆ కోటులోనే బయటపడింది. జేబుకు చిరుగు పడితే అందులోంచి జారి, లోపలి గుడ్డలో కింది అంచు దాకా వెళ్ళి కూర్చుంది. యజమాని కబురు పంపాడు, రేపటి నుంచి పనిలోకి రావచ్చునట. రావచ్చునట, అంతే. పొరపాటైంది అన్న ముక్క ఆ కబురులో ఎక్కడా లేదు. అలాంటి మాటలు పెద్దవాళ్ళ నోటికి పట్టవు కాబోలు.

అక్కకు ఒక తమ్ముడున్నాడు. మోటార్లకు రాగి తీగ చుట్టే షాపులో పని. కబురు సంగతి తెలియగానే చేతిలో సుత్తి కూడా కింద పెట్టకుండా వచ్చేశాడు.

"పద అక్కా. వాడి షాపులో ఒక్క అద్దం మిగలనివ్వను."

"అద్దాలు పగిలితే ఊడ్చేది ఆ యజమాని కాదురా, నా పక్కన పనిచేసే ముసలమ్మ. దాని నడుం ఎలా ఉందో నీకేం తెలుసు? కూర్చో, టీ పెడతా."

తమ్ముడు టీ అయితే తాగాడు గానీ కోపం మాత్రం గొంతు దిగలేదు. ఆ రోజు నుంచీ ఆ లాండ్రీ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళతాడు. అక్క మాత్రం తిన్నగా ఆ వీధిలోంచే నడిచి వెళుతుంది, మధ్యలో ఆగి కూరగాయలు బేరం కూడా చేస్తుంది. అది చూస్తే తమ్ముడికి ఒళ్ళు మండిపోతుంది.

మళ్ళీ ఆ పనిలోకి వెళ్ళలేదు అక్క. ముందుగదిలోని మంచం తీయించి, కిటికీకి ఎదురుగా ఒక బల్ల వేయించి, సొంతంగా ఇస్త్రీ కొట్టు పెట్టింది. వీధిలోకి తెరుచుకునే ఆ కిటికీయే కౌంటరు. పక్కన మెట్లెక్కితే పైవాటా. వెనక వంటగది, దాని పక్కన ఇంకో గది. ఆ గదిలో బావ, అక్క అత్తగారు, ఇద్దరు పిల్లలు, మడతపెట్టిన జనం బట్టలూ అందరూ సర్దుకుని పడుకునేవారు. బట్టలకే కాస్త ఎక్కువ చోటు.

కొట్టుకు ఒక్కటే నిబంధన. బట్టలు ఇచ్చేవాళ్ళు జేబులన్నీ తమ చేత్తోనే బయటికి లాగి చూపించాలి. అక్క జేబులో వేలు కూడా పెట్టదు. ఎంత పెద్దవాడైనా, ఎంత తొందరలో ఉన్నా, మురికి ప్యాంట్ల జేబులు కుక్క నాలుకల్లా బయటికి వేలాడేసుకుని కిటికీ ముందు వరుసలో నిలబడాల్సిందే. కొత్తవాళ్ళు విసుక్కునేవారు. "నా జేబులో ఏముంటుందమ్మా, చిల్లు తప్ప" అని జోకులేసేవారు. "అయితే ఆ చిల్లే చూపించండి" అనేది అక్క.

కిటికీ ఇవతల స్టూలెక్కి చిన్నవాడు స్టీలు గిన్నె పట్టుకుని నిలబడేవాడు. జేబుల్లోంచి రాలే చిల్లర, టికెట్ ముక్కలు, తాళంచెవులు ఆ గిన్నెలో పడితే, అవి పట్టుకెళ్ళమని బట్టల మనిషికే చాచేవాడు. ఏమీ లేకపోతే బస్సు కండక్టరులా "ఖాళీ!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచేవాడు. ఒకటో తరగతి వాడికి అంతకు మించిన ఉద్యోగం ఏముంటుంది? బళ్ళో పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే "ఖాళీ" అన్నాడట. టీచరుకు అర్థం కాక ఇంటికి కబురు పెట్టింది. ఇదంతా చూసి వీధిలో ఎవరో అక్కకు జేబులక్క అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది.

బావ పాల వ్యాను నడుపుతాడు. తెల్లారకముందే వెళ్ళి, అందరూ అన్నాలకు కూర్చునే వేళకు ఇల్లు చేరతాడు. ఆ తర్వాత చేసే పనేమీ లేదు గనక ఆలోచిస్తాడు. ఇంటికి వచ్చిన చిక్కులన్నీ ఆయన ఆలోచనల్లోంచే పుట్టాయని అత్తగారి అభిప్రాయం. ఒకరోజు అలాగే ఆలోచించి, పిల్లలకు డబ్బు విలువ నేర్పాలని తీర్మానించాడు.

"ఊరికే ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు. ఈ రోజు నుంచి ఇంట్లో ఏ పని చేసినా కూలి ఇస్తాను. చేయకపోతే లేదు" అన్నాడు పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి.

"ఏ పనికైనానా నాన్నా?" అంది పెద్దది. దానికి అప్పటికి రాలిన పళ్ళన్నీ మళ్ళీ వచ్చేశాయి. బుర్ర అయితే పళ్ళకంటే ముందే వచ్చింది.

"ఏ పనికైనా."

ఆ మాట అన్నందుకు బావ చాలా రోజులు నాలుక కరుచుకున్నాడు. పెద్దది ఇల్లు ఊడ్చే పని, గిన్నెలు తుడిచే పని, చెప్పులు సర్దే పని అన్నీ తనే ఒప్పుకుంది. ఒప్పుకుని, సగం కూలికి చిన్నవాడి చేత చేయించడం మొదలుపెట్టింది. వాడు చెమటలు కక్కుతూ ఊడుస్తుంటే ఇది గడప మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ "ఆ మూల వదిలేశావ్" అని చూపించేది.

"చూశావా అక్కా, పిల్ల అప్పుడే యజమాని అయిపోయింది" అన్నాడు తమ్ముడు, ఆదివారం వచ్చి ఆ దృశ్యం చూసి.

"నవ్వకురా. నాకు భయంగా ఉంది" అంది అక్క, నవ్వుతూనే.

చిన్నవాడు అంతటితో ఆగలేదు. పాలు తాగితే ఎంతిస్తావన్నాడు. స్నానానికి ఎంతన్నాడు. తల కూడా రుద్దుకుంటే ఇంకొంచెం ఎక్కువివ్వాలన్నాడు. ఒకరోజు నానమ్మ కళ్ళజోడు అందివ్వమంటే చెయ్యి చాపాడు. ఆవిడ కళ్ళజోడు తనే వెతుక్కుని పెట్టుకుని, కొడుకును నిలువునా ఒకసారి చూసింది.

"ఒరేయ్ నాన్నా, కూలి లెక్కలు మొదలయ్యాయిగా. నువ్వు పుట్టింది మొదలు నీ ముడ్డి కడిగిన కూలి నాకు రావాలి. ఎప్పుడిస్తావు?"

"అమ్మా, పిల్లల ముందు..."

"పిల్లల ముందే తేల్చు. నేర్చుకుంటారు."

ఆ రాత్రి అన్నాల దగ్గర అక్క తీర్పు చెప్పేసింది. ఇంటి పని ఇంట్లోవాళ్ళది, దానికి కూలి లేదు. డబ్బు సంపాదించడం తర్వాత, ముందు ఖర్చుపెట్టడం నేర్చుకోండి. వారం కూరగాయల డబ్బు వాళ్ళ చేతికే ఇచ్చి సంతకు పంపుతానంది. బావకు అడ్డు చెప్పాలనే ఉంది గానీ, తన పథకం పాడైన మనిషికి మాట్లాడే మొహం ఎక్కడిది?

ఆ ఆదివారం సంతకు పిల్లల వెంట మేనమామ వెళ్ళాడు. నోరెత్తనని అక్కకు మాటిచ్చి వెళ్ళాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. అందుకే పిల్లలిద్దరూ కలిసి వారం కూరగాయల డబ్బంతా పోసి ఒకే ఒక్క పుచ్చకాయ కొన్నారు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు మామయ్య దాన్ని భుజాన వేసుకుని వస్తుంటే, ముందు పెద్దది, వెనక చిన్నవాడు, పెళ్ళివారిలా నడిచారు.

"కూరగాయలేవి?" అన్నాడు బావ.

"ఇదే. బరువు చూడు నాన్నా! బంగాళాదుంపలైతే ఇంత రావు" అంది పెద్దది.

అక్క చాకు తెచ్చి పుచ్చకాయ కోసింది. ఆ పూట పండుగా తిన్నారు. మర్నాడు మిగిలింది తిన్నారు. ఆ మర్నాడు తొక్క లోపలి తెల్లటి భాగం ముక్కలు తరిగి కూర వండింది. ఆ తర్వాత అదే కూర. చిన్నవాడు ముద్ద నోట్లో పెట్టుకుని తల్లిని చూశాడు, ఆమె గోడను చూసింది. పై ఆదివారం ఇద్దరూ సంతలో బంగాళాదుంపలు, క్యాబేజీ, ఉల్లిపాయలు కొని, మిగిలిన చిల్లర తెచ్చి తల్లి చేతిలో పోశారు. పుచ్చకాయల బండి పక్కనుంచి వెళుతూ చిన్నవాడు మొహం తిప్పుకున్నాడట.

ఇంత చక్కగా నడుస్తున్న చదువులో ఒక పాఠం మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. అది మరో ఆదివారం మధ్యాహ్నం బయటపడింది.

పైవాటాలో టికెట్ల గుమాస్తా ఉంటాడు. రోజంతా కంత వెనక కూర్చుని చిల్లర లేదని జనాన్ని కసిరే ఉద్యోగం. వాళ్ళ అబ్బాయి, మన చిన్నవాడు ఒకే తరగతి. ఆ రోజు ఇద్దరూ పైన ఆడుకుని వచ్చాక కాసేపటికి మెట్ల మీద దడదడా చప్పుడైంది. కిటికీ ముందు నలుగురైదుగురు బట్టల మూటలతో నిలబడి ఉన్నారు.

"ఏడీ ఆ దొంగ వెధవ?" అంటూ దిగాడు గుమాస్తా.

వరుసలో తలలన్నీ మెట్ల వైపు తిరిగాయి. అక్క చేతిలోని ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి పక్కన పెట్టింది.

"ఎవరండీ?"

"ఇంకెవరు, మీవాడే! నేను కాస్త కునుకు తీసి లేచేసరికి ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి ఉన్నాయి. ఉన్న డబ్బంతా మాయం. ముందు వాడి జేబులు చూపించమనండి, తర్వాత మాట్లాడదాం."

లోపలి గదిలోంచి బావ వచ్చాడు. "ఒరేయ్!" అని చెయ్యెత్తాడు. గడప మీద కూర్చున్న తమ్ముడు ఒక్క ఉదుటున లేచాడు. డబ్బు ఎంతో అతడు అడగలేదు. ఎంతైతే ఏం? ఈ మెట్ల దగ్గర ఇవాళ పిల్లాడి మీద పడే పేరు రేపు వాడితోపాటు బడికి వెళుతుంది. పెద్దయ్యాక పనికి కూడా వెళుతుంది. అక్క మొహం వైపు చూశాడు. హాలు మధ్యలో సంచి బోర్లించిన రోజు తను అక్కడ లేడు. అయినా ఆ రోజు ఆ మొహం ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు చూశాననిపించింది.

"ఆగండి" అంది అక్క మొగుడితో. తర్వాత గుమాస్తాతో, "వాడికి జేబులు లేవండి" అంది.

నిజమే. నిక్కరుకు రెండు పక్కలా జేబులున్నట్టు కనబడుతున్నాయి గానీ నోళ్ళు కుట్టేసి ఉన్నాయి. పెద్దదాని గౌనుకూ అంతే. లాండ్రీలోంచి వచ్చేసిన నాటి నుంచి పిల్లలకు ఏ బట్ట కొన్నా ముందు దాని జేబు కుట్టేసేది అక్క. వారం వారం వస్తూ కూడా ఈ సంగతి తమ్ముడు ఆ రోజే గమనించాడు.

అక్క చిన్నవాడి ముందు నేల మీద కూర్చుంది. "నువ్వు పైన ఏం చేశావో మొదటి నుంచి చెప్పు. నేను వింటాను. ఎవరూ మధ్యలో మాట్లాడరు."

చిన్నవాడు భయపడలేదు. భయపడాల్సింది ఏముందో వాడికి తెలిస్తే కదా.

"అంకుల్ ప్యాంటు కొక్కేనికి ఉంది. జేబులు చూశా. డబ్బులున్నాయి. మర్చిపోయారు."

"మర్చిపోలేదురా, పెట్టుకున్నా!" అని అరిచాడు గుమాస్తా.

చిన్నవాడు ఆయన వైపు జాలిగా చూశాడు. "జేబులో ఎందుకు పెట్టుకున్నారు అంకుల్? ఉతికితే తడిసిపోవూ?"

వరుసలో ఒకాయన నోటికి అడ్డంగా తువ్వాలు పెట్టుకున్నాడు.

"తర్వాత?" అంది అక్క.

"గిన్నెలో పెట్టేశా. అంకుల్‌వాళ్ళ వంటింట్లో గిన్నెలో. 'ఖాళీ' అని కూడా అరిచా. అంకుల్ లేవలేదు."

మరు నిమిషంలో గుమాస్తా కొడుకు పైకి పరిగెత్తాడు. గిన్నెలు దొర్లిన చప్పుడు, వాళ్ళమ్మ కేకలు వినబడ్డాయి. ఆవిడ బజారు నుంచి వచ్చి, కడిగిన గిన్నెలన్నీ చూసుకోకుండా దాని మీదే బోర్లించిందట. పిల్లాడు గిన్నెతో సహా దిగివచ్చాడు. నోట్లు, చిల్లర, ఒక మందుల చీటీ, దేనికీ లోటు లేదు.

గుమాస్తా గిన్నెలోకి చూశాడు, డబ్బు తీసి జేబులో పెట్టుకున్నాడు. "సరే సరే. దొరికిందిగా" అని వెనక్కి తిరిగాడు.

దొరికిందిగా, అంతే. తమ్ముడి నరాలు జివ్వుమన్నాయి. పనిలోకి రావచ్చునట అన్న ఆ పాత కబురుకూ దీనికీ తేడా ఏముంది? కనీసం ఆ యజమాని ఇంకొకరి చేత కబురు పంపాడు, వీడు ఎదురుగా నిలబడే అనేస్తున్నాడు. అడుగు ముందుకేసి నోరు తెరవబోయాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నయ్యగారూ, ఒక్క నిమిషం ఆగండి" అని పిల్లాడి వైపు తిరిగింది. "నాన్నా, మన కిటికీ దగ్గర జేబులు లాగేది మనం కాదు, వాళ్ళే. చూశావుగా? అంకుల్ జేబు అంకుల్‌దే. అందులో నోటున్నా, చిత్తుకాగితమున్నా ఆయనదే. అడగకుండా ముట్టుకోకూడదు. ఇది నీకు చెప్పకపోవడం నా తప్పు. ముట్టుకోవడం నీ తప్పు. సారీ చెప్పు."

"సారీ అంకుల్."

"పర్లేదు పర్లేదు" అన్నాడు గుమాస్తా, మెట్టు మీద కాలు వేసి.

"ఇప్పుడు మీరండి."

"నేనా? నేనేం చేశానమ్మా?"

"దిగుతూ ఒక మాటన్నారు. వీధి మొత్తం విన్నది. మావాడు తప్పు చేశాడు, నేను ఒప్పుకున్నాను. దొంగతనం మాత్రం చేయలేదు. ఆ ముక్క వాడితో మీ నోటితో చెప్పండి. వీధి మొత్తం వినేలా."

గొంతు పెంచలేదు. పిల్లాడి భుజం మీది చెయ్యి తీయనూ లేదు. గుమాస్తా వరుసలో ఉన్నవాళ్ళ వైపు చూశాడు. ఒక్కరైనా తనవైపు మాట్లాడతారేమోనని ఆశ. వాళ్ళంతా జేబులు బయటికి వేలాడేసుకుని ఆయన్నే చూస్తున్నారు. "చెప్పండి సార్, చిన్నపిల్లాడు" అన్నాడు తువ్వాలాయన. పైనుంచి గుమాస్తా భార్య తొంగి చూసి, "చెప్పండి మరి! టికెట్ల కంత దగ్గర అంత గట్టిగా అరుస్తారుగా" అంది.

గుమాస్తా మోకాళ్ళ మీద చేతులానించి వంగాడు. మొదటిసారి చెప్పింది ఆయన మీసాలకే వినబడింది. గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పాడు.

"నువ్వు దొంగవి కాదురా. నేనే తొందరపడి నోరు జారాను."

"పర్లేదు అంకుల్" అన్నాడు చిన్నవాడు. వాడి కళ్ళు అప్పటికే ఆయన చొక్కా మీదున్నాయి. "మీ పైజేబులో పెన్ను ఉంది. నేను ముట్టుకోను. మీరే తీయండి, సిరా కారుతోంది."

నిజంగానే కారుతోంది. ఈసారి గుమాస్తా కూడా నవ్వక తప్పలేదు.

జనం వెళ్ళాక అక్క వంటగదిలోకి వెళ్ళింది. తమ్ముడు వెనకే వెళ్ళేసరికి గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"ఏడుస్తున్నావా అక్కా?"

"ఇస్త్రీ పెట్టె పొగరా."

"కరెంటు పెట్టెకు పొగేంటక్కా?"

"నోరు మూసుకుని ఆ పాత బ్లేడు ఇలా ఇవ్వు."

ఆ సాయంత్రమంతా పిల్లల బట్టలు ముందేసుకుని, కుట్టేసిన జేబుల దారాలు ఒక్కొక్కటే తెంపింది. బావ లాంతరు స్తంభంలా పక్కన నిలబడి, తెంపిన దారాలు ఏరిపెట్టాడు. మర్నాటి నుంచి పిల్లలిద్దరికీ వారానికి చెరొక నాణెం ఇచ్చి బడికి పంపింది. చిన్నవాడు మొదటి రోజంతా కుడిచెయ్యి జేబులోంచి తీయక, ఎడంచేత్తో రాసి, తిట్లు తిని వచ్చాడు. ఆ తర్వాతి రోజు ఆటల్లో నాణెం పోగొట్టుకుని వీధి అదిరిపోయేలా ఏడ్చాడు. అక్క పక్కన కూర్చుంది గానీ పై వారం దాకా ఇంకోటి ఇవ్వలేదు. పెద్దది తన నాణేలు ఖర్చుపెట్టకుండా దాచి దాచి ఒక తాళం కొనుక్కుంది. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు గనక తాళాన్నే పెట్టెలో దాచుకుంది. బావ మళ్ళీ ఆలోచించబోయాడు, అత్తగారు వద్దంది.

కొంతకాలానికి తమ్ముడికి ఇంకో ఊళ్ళో పంపుల ఫ్యాక్టరీలో పని దొరికింది. వెళ్ళేముందు చెప్పిపోదామని వచ్చాడు. అతడి చొక్కాలు అప్పటికే ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి ఉంచింది అక్క. డబ్బిస్తానంటే కొట్టడానికి వచ్చింది. అతడు కాసేపు అటూ ఇటూ చూసి, మడతపెట్టిన నోట్లు రెండు తీశాడు.

"పిల్లలకు. నీ దగ్గరుంచు, చిన్నవాడు పారేస్తాడు."

అక్క అందుకోలేదు. బల్ల మీద నీళ్ళు చిలకరించి ఇంకో చొక్కా పరిచింది.

"వాళ్ళ చేతికే ఇవ్వరా. పారేస్తే పారేయనీ. డబ్బు పోయిందని ఏడిస్తే కాసేపు పక్కన కూర్చుంటాను, ఊరుకుంటారు. ఎవరో దొంగన్నారని ఏడిస్తేనే నా వల్ల కాదు. ఆ మూట జాగ్రత్తగా పట్టుకో, మడతలు నలుగుతాయి. ఇంక బయల్దేరు, నీ మొహం చూసి బస్సేమీ ఆగదు."